కరీంబీ పెద్దమ్మ సగం బిళ్ళలు

మా కరీంబీ పెద్దమ్మ కుట్టుగదిలో గోడకి ఒక గళ్ళ కాగితం అంటించి ఉంటుంది. పిల్లల లెక్కల పుస్తకంలో ఉండే గళ్ళలాంటివే, మధ్యలో ఒక నల్ల చుక్క. ప్రతి శుక్రవారం పొద్దున్నే ఆమె దాని ముందు నిలబడి ఎడమ కన్ను మూసి ఆ చుక్క వంక చూస్తుంది, తర్వాత కుడి కన్ను మూసి చూస్తుంది. గీతలు తిన్నగా కనపడితే సరే. వంకర పోయినా, ఎక్కడైనా మాసినట్టు కనపడినా వెంటనే విజయవాడ వెళ్ళాలి. ఆమె రోజూ మింగే బిళ్ళ ఏళ్ళ మీద కంటిని దెబ్బ తీయొచ్చని డాక్టరు ఇచ్చిన కాగితం అది.

బిళ్ళ పేరు హైడ్రాక్సీక్లోరోక్విన్. పెద్దమ్మకి నోరు తిరగదు, "నా చేతుల బిళ్ళ" అంటుంది. మలేరియా కోసం పుట్టిన మందు అది. తర్వాత ఎప్పుడో కీళ్ళవాతానికి కూడా పనికొస్తుందని తేలింది. పెద్దమ్మకి నలభయ్యో ఏట వేళ్ళ కణుపులు వాచి, పొద్దున లేస్తే గుప్పెట మూయలేని పరిస్థితి వచ్చింది. ఆమె పని పరుపులు కుట్టడం. తిరువూరులో ముందు గదిలో మదార్ పెదనాన్న మిషను మీద దూది ఏకుతాడు, వెనక గదిలో పెద్దమ్మ ఆ దూది గుడ్డలో నింపి, జానెడు దబ్బనంతో ఇటు నుంచి అటు గుచ్చి దారం లాగి బిగిస్తుంది. ఆ లాగడంలోనే ఉంది పనంతా. వేళ్ళు లేకపోతే పరుపు లేదు. ఫోము పరుపులు వచ్చాక కూడా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు వెతుక్కుంటూ వచ్చేది ఆ బిగింపు కోసమే. ఆ బిళ్ళ మొదలుపెట్టిన ఆర్నెల్లకి వేళ్ళు మళ్ళీ వంగాయి. పదకొండేళ్ళు రోజుకొకటి, ఒక్క రోజు మానకుండా వేసుకుంది.

ఇదంతా నాకు తెలుసు, ఎందుకంటే ఫార్మసీ కాలేజీ రెండో ఏడాదిలో మానేసి ఆ ఇంట్లోనే దూది మోస్తున్నాను. వీధి మొత్తానికి నేను "సగం డాక్టరు".

కరోనా వచ్చిన ఏడాది, లాక్‌డౌన్ మొదలైన వారానికే టీవీలో ఈ బిళ్ళ పేరు మోగిపోయింది. ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు ముందు జాగ్రత్తగా వేసుకుంటున్నారు అని ఒకడు, విదేశాల్లో అద్భుతం చేస్తోంది అని ఇంకొకడు. మూడో రోజు బస్టాండు పక్కన సురేష్ బాబు మెడికల్ షాపుకి వెళ్తే ఒక్క స్ట్రిప్పు లేదు.

"పదకొండేళ్ళ నుంచి నీ దగ్గరే కొంటోంది కదన్నా, మా పెద్దమ్మకి తీసి పెట్టొద్దా?" అన్నాను.

"ఏం చేయమంటావు నాజిమ్, పెద్దోళ్ళు కార్లేసుకుని వచ్చారు. డాక్టరు చీటీ కూడా చూపించలా. డబ్బాలకి డబ్బాలు పట్టుకుపోయారు."

"చీటీ లేకుండా ఎట్టా ఇచ్చావు?"

"నువ్వు చదువు పూర్తిచేసి షాపు పెట్టుకో, అప్పుడు చీటీలు చూద్దువుగాని."

అదీ సమాధానం. అదృష్టం ఏంటంటే మార్చి మధ్యలోనే పెద్దమ్మకి మూడు నెలల మందు తెచ్చి పెట్టాం. జూన్ సగం దాకా ఫర్వాలేదు. తర్వాత సంగతి ఎవరికీ తెలియదు. విజయవాడకి బస్సులు లేవు. నేను పెద్దమ్మకి గట్టిగా చెప్పాను, నీ దగ్గర బిళ్ళలున్నాయని ఎవరికీ చెప్పొద్దని. "నేనెందుకు చెప్తాను?" అంది. అప్పటికే వీధిలో అందరికీ తెలుసు. పదకొండేళ్ళుగా గుమ్మంలో కూర్చుని మింగుతున్న మనిషి రహస్యం ఏం దాస్తుంది?

మొదట వచ్చినాయన జగన్నాథరావు గారు. ఎ.కొండూరు వైపు పెద్ద మామిడి తోటలున్నాయి ఆయనకి. ముప్పై ఏళ్ళుగా వాళ్ళింట్లో ప్రతి పరుపూ పెద్దమ్మ కుట్టిందే. కారు సందు మొదట్లో ఆపి, మాస్కు గడ్డం కిందకి లాక్కుని వచ్చాడు.

"కరీంబీ, ఆ బిళ్ళలు నీ దగ్గర ఉన్నాయంట. ఓ ఇరవై ఇవ్వు. ఎంతైనా సరే."

"కూర్చోండి. కొంచెం దూరంగా కూర్చోండి," అంది పెద్దమ్మ. "ఎవరికండీ?"

"నాకే. దగ్గరున్నవి చాలవేమోనని. అరవై దాటినోళ్ళకి ప్రమాదం అంటున్నారుగా."

"మీకు గుండెలో స్టెంటు వేశారు కదండీ. గుండె తప్పుగా కొట్టుకుంటుందని ఏదో మాత్ర కూడా వేసుకుంటున్నారని మీ ఇంటావిడ వెంకాయమ్మ గారు చెప్పింది."

"దానికీ దీనికీ ఏంటి సంబంధం?"

"ఉందండి. నాకు మొదట రాసిచ్చినప్పుడు డాక్టరు ఈసీజీ తీయించాకే రాశాడు. కొంతమందికి ఈ బిళ్ళ గుండె కొట్టుకోడాన్ని చెడగొడుతుందంట. మీ మాత్రతో కలిస్తే ఇంకా ప్రమాదం అయితే? ఈసీజీ తీయించుకుని, డాక్టరు సరేనన్నాడని చెప్పండి, ఇరవై కాదు ముప్పై ఇస్తాను."

"నువ్వు డాక్టరువి ఎప్పుడయ్యావు?"

"కాలేదండి. పదకొండేళ్ళ నుంచి మింగుతున్నా, అంతే. రండి, ఈ కాగితం చూడండి. గీతలు తిన్నగా ఉన్నాయా?"

ఆయన నిజంగానే లేచి గళ్ళ కాగితం ముందు నిలబడి ఒక కన్ను మూశాడు. తర్వాత ఏం గుర్తొచ్చిందో, "నాతో ఆటలాడుతున్నావా?" అని చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. మదార్ పెదనాన్న తల పట్టుకున్నాడు. "ముప్పై ఏళ్ళ గిరాకీ. పోనీ రెండు బిళ్ళలు చేతిలో పెడితే నీ సొమ్మేం పోయేది?" అన్నాడు.

"ఆయన ప్రాణం పోయేది," అంది పెద్దమ్మ.

ఆ రోజు ఆమెని చూస్తే నాకు చాలా గర్వంగా అనిపించింది. టీవీలో కోట్లు వేసుకున్నవాళ్ళు గంటలు గంటలు అరుచుకుని తేల్చలేని విషయం ఐదో తరగతి చదివిన మనిషి గుమ్మంలో కూర్చుని తేల్చేసింది. మంచి జరుగుతుందో లేదో తెలియదు, చెడు జరగొచ్చని తెలుసు, కాబట్టి ఇవ్వను. ఇంతే కదా లెక్క. ఇంక బిళ్ళలకి ఢోకా లేదని నా పని నేను చూసుకున్నాను. అదే నా తెలివితక్కువతనం.

రంజాన్ నెల వచ్చింది. మసీదు మూసి ఉంది కాబట్టి ఉపవాసం విడిచే గంజి ఎవరింట్లో వాళ్ళే కాచుకున్నారు. పెద్దమ్మ మాత్రం ఎప్పటిలాగే పెద్ద గిన్నెడు కాచి, సాయంత్రం రోజుకో ఇంటికి డబ్బా పంపింది. తురకలా కిరస్తానీలా అని ఆమె ఎప్పుడూ చూడదు. ఆ డబ్బాలు మోసింది నేనే. డబ్బా మూత మీద మడిచిన చిన్న కాగితం పొట్లం ఉండేది. వాము పొడో మిరియాల పొడో అనుకున్నాను. ఒక్కసారి విప్పి చూసి ఉంటే ఈ కథే లేదు.

పండుగ రోజు పొద్దున సేమియా గిన్నె పొయ్యి మీంచి దించుతుంటే పెద్దమ్మ చేతిలోంచి జారిపోయింది. పాలు, సేమియా, జీడిపప్పు అన్నీ నేల పాలు. ఆమె నేల వంక చూడలేదు, తన వేళ్ళ వంక చూసుకుంది. కణుపులు బుగ్గల్లా ఉబ్బి ఉన్నాయి. అప్పుడు పెదనాన్న చెప్పాడు, వారం నుంచి రవిక హుక్కులు పెట్టుకోలేకపోతోందని, దబ్బనం పట్టుకుంటే కళ్ళలో నీళ్ళు వస్తున్నాయని, నాకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుందని.

నేను కుట్టు మిషను సొరుగు లాగి స్ట్రిప్పులు తీశాను. పైన స్ట్రిప్పులో విప్పిన గూట్లో ఒక సగం బిళ్ళ, బ్లేడుతో కోసింది, తిరిగి పెట్టి ఉంది.

"రోజుకి సగమే వేసుకుంటున్నావా?"

"నలభై రోజులైంది. సగం వేసుకుంటే రెండింతలు రోజులు వస్తాయి కదరా."

వినడానికి బాగానే ఉంది. కానీ రెండింతలు రోజులు రావాలంటే మిగతా సగాలన్నీ అక్కడే ఉండాలి. లేవు. నలభై రోజుల సగాలు నలభై ఉండాలి, ఉన్నవి మూడు.

"మిగతావి ఏవి పెద్దమ్మా?"

ఆమె సొరుగు మూయబోయింది.

"గంజితో పంపావా?"

"అడిగారు నాజిమ్. సాహెరా చిన్నపిల్లలతో ఉంది, భయపడుతోంది. రాయప్ప రోజూ ఆటోలో కూరగాయలేసుకుని విస్సన్నపేట వెళ్ళొస్తున్నాడు. అడిగితే లేదని ఎట్టా అంటాను?"

"జగన్నాథరావు గారికి లేదన్నావుగా?"

"ఆయన వేసుకుంటే ప్రమాదం. వీళ్ళకి నేను అన్నీ అడిగాకే ఇచ్చా. గుండె జబ్బు ఉందా, షుగరు మాత్రలు వాడుతున్నారా, పిల్లలకి పెట్టరు కదా అని. అయినా సగం బిళ్ళ ఏం చేస్తుందిరా? ఏమీ చెయ్యదు. చెయ్యదనే ఇచ్చా."

నాకు గోడకి తల కొట్టుకోవాలనిపించింది. ఏమీ చెయ్యదని తెలిసే ఇచ్చిందట. వాళ్ళకి ఏమీ చెయ్యని ఆ సగం ఈమెకి ఎంత చేస్తుందో మాత్రం లెక్కలోకి రాలేదు. ఈ మందు ఒంట్లోకి నెమ్మదిగా ఎక్కుతుంది, నెమ్మదిగానే దిగుతుంది. సగం మానేసిన మొదటి రెండు వారాలు ఏమీ తెలియలేదు, దాంతో "చూశావా, నాకూ సగం సరిపోతుంది" అనుకుంది. ఐదో వారంలో చేతులు బదులిచ్చాయి.

ఆ పండుగ పూటే వీధిలో పడ్డాను. కొత్త చొక్కా, మూతికి మాస్కు, చేతిలో ఖాళీ హార్లిక్స్ సీసా. గడప గడపకీ వెళ్ళి అడిగాను, పెద్దమ్మ ఇచ్చిన సగం బిళ్ళ వేసుకున్నారా లేదా అని.

పక్కింటి సాహెరా అక్క బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి పొట్లం తీసింది. ఒకటి కాదు, నాలుగు.

"వేసుకోలేదా?"

"వస్తే వేసుకుందామని దాచానురా. రాకముందే వేసుకుంటే వచ్చినప్పుడు ఏం చేస్తాం?"

రాయప్ప అన్న ఆటోలో అద్దం పైన మేరీమాత బొమ్మ వెనక పెట్టుకున్నాడు, ఆరు సగాలు. ఎండకి పసుపు తిరిగాయి.

"మింగితే అయిపోద్ది కదరా," అన్నాడు. "అక్కడుంటే ధైర్యంగా ఉంటది. చెక్‌పోస్టు దగ్గర దగ్గేవోడు కనపడితే ఓసారి దాని వంక చూసుకుంటా."

"అన్నా, అది మందు. తాయెత్తు కాదు."

"పని చేసిందిగా మరి. నాకు రాలేదుగా."

ఇట్టా ఇల్లిల్లూ. పసుపు డబ్బాలో ఒకటి, గల్లాపెట్టెలో ఒకటి, తలగడ గలీబులో ఒకటి. ముప్పై ఏడింటిలో ముప్పై ఒకటి వెనక్కి వచ్చాయి. మింగినవాళ్ళు ఇద్దరు. చేదుకి ఉమ్మేసినవాడు ఒకడు. మిగతావి ఎలకలకో దేవుడికో తెలియాలి. అంటే మా వీధి మొత్తం ఈ బిళ్ళతో వైరస్ మీద చేసిన యుద్ధం ఇదీ. ఎవరికీ మేలు లేదు, కీడు లేదు. నష్టమంతా ఒక్క మనిషి వేళ్ళలో చేరింది.

సీసా తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఎవరూ వేసుకోలేదని చెప్పాను, కసిగానే చెప్పాను. ఆమె ఏడుస్తుందనుకున్నా. సీసా తిప్పి తిప్పి చూసి, "భయం తగ్గిందిగా వాళ్ళకి," అంది. ఇంక ఈ మనిషితో ఏం మాట్లాడతాం?

ఆ సగాలే రెండేసి, అవి అయ్యాక స్ట్రిప్పుల్లో మిగిలినవి రోజుకొకటి వేయించాను. చేదు పోవడానికి బెల్లం ముక్కతో. అన్నీ కలిపి జూన్ చివర దాకా వచ్చాయి. అప్పటికి బస్సులు తిరిగాయి, షాపుల్లోకి మందు కూడా వచ్చింది. పెద్ద పెద్ద పరీక్షలు చేసి ఈ వైరస్ మీద ఆ బిళ్ళ పనిచెయ్యదని తేల్చారు, టీవీలు వేరే మందు పట్టుకున్నాయి. పెద్దమ్మ చేతులు చాలావరకు దారికొచ్చాయి. కుడి చేతి చూపుడు వేలు మాత్రం రాలేదు. పై కణుపు దగ్గర పక్కకి వంగి అట్టాగే ఉండిపోయింది. ఇప్పుడు దారం ఎడమ చేత్తో లాగుతుంది. బిగింపు మునుపటంత రాదు, ఆమెకీ తెలుసు. రోజుకి ఒక పరుపు కుట్టే మనిషి మూడు రోజులకొకటి కుడుతోంది.

సెప్టెంబరులో జగన్నాథరావు గారు మళ్ళీ వచ్చాడు. చేతిలో అట్టపెట్టె. నిండా స్ట్రిప్పులు, ఒక్కటి కూడా విప్పలేదు. ఏప్రిల్‌లో సురేష్ బాబు షాపులో మాయమైన సరుకు.

"ఇంక ఇవి పనికిరావంటగా," అన్నాడు. "నువ్వు వాడుకుంటావని తెచ్చా. డేటు కూడా దగ్గర పడుతోంది."

ఓ తిట్టు నా నోటిదాకా వచ్చింది. పెద్దమ్మ నా వైపు ఒక చూపు చూసింది, మింగేశాను.

"ఈసీజీ తీయించారా?" అని అడిగింది ఆయన్ని.

ఆయన కాసేపు గళ్ళ కాగితం వంక చూశాడు. "తీయించా. వేసుకుంటే చస్తావన్నాడు డాక్టరు." ఆ తర్వాత ఆమె వేలు చూశాడు. "అదేంటి కరీంబీ, అట్టా ఉంది?"

"వయసండి," అంది.

ఆయన రెండు పరుపులు చెప్పి వెళ్ళాడు. తొందరేం లేదన్నాడు.

అప్పటి నుంచి బిళ్ళలు నా దగ్గరే ఉంటాయి, బీరువాలో తాళం వేసి. పొద్దున టిఫిను కాగానే ఒకటి తీసి ఇస్తాను, నా ముందే మింగాలి. నోరు తెరవమంటాను, నాలుక ఎత్తమంటాను. చిన్నపిల్లలా తెరిచి చూపిస్తుంది. వీధిలో అందరూ నవ్వుతారు, నవ్వనీ.

పోయిన వారం వేరే ఏదో జ్వరం తిరుగుతోందని వార్తల్లో వచ్చింది. మర్నాడు సూదుల డబ్బాలో దారం కోసం వెతుకుతుంటే మడిచిన కాగితం పొట్లం దొరికింది. లోపల సగం బిళ్ళ, పంటితో కొరికింది. నేను నాలుక కింద చూశాను గానీ దవడ పక్కన చూడలేదు. ఎవరికి అని అడిగాను. దబ్బనం నోట్లో పెట్టుకుంది, మాట్లాడకుండా ఉండటానికి.