ఎర్రన్న మళ్ళీ ఎక్కిన మేడ

కోటబొమ్మాళి చుట్టుపక్కల ఏ మేడ లేచినా శ్లాబు కింద సెంట్రింగు చెక్కలు కొట్టడానికి ఎర్రన్నకే కబురు వచ్చేది. ఎంత ఎత్తున ఉన్నా పొలం గట్టు మీద నడిచినట్టు నడిచేవాడు. భార్య నీలవేణి ఆ పనుల్లోనే కాంక్రీటు తట్టలు మోసేది.

మొన్న వేసవిలో మేకు పట్టని చెక్క ఒకటి జారి, అతను కింద ఇటుకల మీద పడ్డాడు. లేచి కూర్చుని, "నాకేటీ నేదే" అని నవ్వాడు కూడా. నెత్తురు చుక్క లేదు. నీడలో పడుకోబెట్టమన్నాడు మేస్త్రీ తిరుమలరావు. కాసేపటికే వాంతులు, మాట ముద్ద కావడం, కళ్ళు తేలెయ్యడం. శ్రీకాకుళంలో పుర్రె తెరిచి, గడ్డకట్టిన నెత్తురు తీశారు. ప్రాణం దక్కింది. మనిషి దక్కలేదు.

తిన్న మరుక్షణం అన్నం పెట్టలేదని కంచం విసిరేవాడు. ఒకనాడు నీలవేణిని చెంప మీద కొట్టి, వెంటనే ఆ చెంపే నిమురుతూ, "ఎవుడు కొట్టాడే నిన్ను?" అన్నాడు.

ఆమె పనికి వెళ్ళకపోతే పొయ్యి వెలగదు. బయట గొళ్ళెం పెట్టి వెళ్ళేది. ఓ మధ్యాహ్నం పొరుగింటి శైలజ పరుగున వచ్చింది. "ఒదినా, అన్నయ్య గొళ్ళెం ఊడపీకీసి టేసను ఈదిలో కడతన్న మేడెక్కీసాడు!"

నీలవేణి వెళ్ళేసరికి అతను శ్లాబు అంచున వంగి ఉన్నాడు. కింద జనం అరుస్తున్నారు. అరిచిన ప్రతిసారీ అటే తిరుగుతున్నాడు. "అరవకండి బాబూ" అని చేతులు జోడించి, తను మెట్లెక్కింది. భర్త పడ్డప్పటి నుంచి ఆమెకు ఎత్తంటే ఒళ్ళు వణుకు. పైన నిలబడలేక పాకుతూ వెళ్ళింది.

"బావా, బువ్వ తినీసి వద్దాం, రా."

"ఉండవే, ఇంకా రెండు సెక్కలున్నాయి."

"నాకు బయమేస్తంది బావా. సెయ్యి పట్టుకో."

అతను వెనక్కి తిరిగాడు. ఆమె చెయ్యి పట్టుకుని, "మెట్టు సూసుకో" అంటూ జాగ్రత్తగా కిందికి దించాడు. నేల తగలగానే నీలవేణి కూలబడి బావురుమంది. ఎందుకేడుస్తోందో అతనికి తెలియలేదు.

మర్నాడు అతన్ని వెంటబెట్టుకుని పనికి వెళితే తిరుమలరావు గేటు దగ్గరే ఆపేశాడు. "ఈడ్ని లోనకి రానిత్తే రేపు నా మీదికొస్తాది. నువ్వూ రాకు."

ఇప్పుడామె వరినాట్లకు వెళుతోంది. అతని నడుముకో తాడు, రెండో కొస తన నడుముకు. గట్టు మీద అతను లేచినప్పుడల్లా తాడు లాగుతుంది. ఆమె నారు కట్ట బురదలో వదిలేసి పరిగెడుతుంది. వరుస ఆగిపోతోందని మిగతా ఆడవాళ్ళు విసుక్కుంటారు. పనికి పిలిచేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు.