బీరువాలో మౌసు... బాణాల వైపు షబానా

మా చిన్నప్పుడు... వేసవి సెలవుల్లో మధ్యాహ్నం అన్నం తిన్న చెయ్యి ఆరకముందే షబానా వాళ్లింట్లో ఉండేదాన్ని. ప్రొద్దుటూరులో మా రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ. వాళ్ల నాయన కువైట్ నుంచి కంప్యూటర్ తెచ్చాక ఆ గోడ కూడా నాకు అడ్డంగానే అనిపించేది...

ముందు గదిలో వాళ్లమ్మ మాబున్నీ అత్త కుట్టు మిషన్. లోపలి గదిలో లేసు గుడ్డ కప్పుకుని కంప్యూటర్. ఆటలతో చెడిపోతామని అత్త మౌసు ఊడదీసి బీరువాలో పెట్టి తాళం వేసేది. తాళంచెవి ఎప్పుడూ ఆమె నడుముకే.

"ఇంగ ఎట్ల ఆడతారో నేనూ సూస్తా" అనేది.

మౌసు లేకపోతే కంప్యూటరే నడవదని ఆమె నమ్మకం. మా ఆటకు మౌసుతో పనే లేదు... సీడీ వేసి ఎంటర్ కొడితే చాలు. ఒక కత్తివీరుడు, అడవులూ కోటలూ తిరిగి, చెల్లెల్ని ఎత్తుకుపోయిన రాక్షసుణ్ని వెతకాలి. అంతా కీబోర్డుతోనే.

కుడివైపు షబానా. కీబోర్డు మీద నాలుగు బాణం గుర్తుల మీటలూ ఆమెవి. ఎడమవైపు నేను. అక్షరాలు నావి. ఆమె వీరుణ్ని నడిపించేది. నేను తలుపులు తీయించేదాన్ని, కత్తి దూయించేదాన్ని, ఎదురైనవాళ్లతో మాట్లాడించేదాన్ని. వాళ్లు ఇంగ్లీషులో అడిగింది చదివి, ఏ జవాబివ్వాలో నేనే ఎంచేదాన్ని. కాన్వెంటులో సిస్టర్ పేరు పెట్టి పిలిచినా నోరు పెగలని నేను... అక్కడ రాజులతో బేరాలాడేదాన్ని.

"మే, వాడు కొట్టేతట్టుండాడు! కత్తి తియ్, కత్తి!"

"ముందు నువ్వు ఎనక్కి నడిపియ్!"

చెవులు మాత్రం ముందు గదిలోనే. మిషన్ టకటక వినిపిస్తున్నంతసేపూ ఆట. ఆగిందంటే... మానిటర్ ఆపి, గుడ్డ కప్పి, ఊపిరి బిగబట్టేవాళ్లం. దారం తెగిందో, అత్తే లేచిందో తెలియదు. మళ్లీ టకటక మొదలయ్యేదాకా కాళ్లు ఒకచోట నిలిచేవి కావు.

అలా దడదడలాడుతూనే రాక్షసుణ్ని చంపేశాం...

మరుసటి వేసవికి షబానా వాళ్ల నాయన సెలవు మీద వచ్చాడు. పెట్టెలో ఆ ఆట రెండో భాగం! ఆశగా వేసి చూస్తే... బాణాలు ఎంత నొక్కినా వీరుడు కదలడు.

"దీనికి మౌసు గావల్ల. యాడుంది?" అన్నాడాయన.

అత్త గర్వంగా తాళంచెవి తీసింది. "నేనే దాచిపెట్టినా. పోయిన యాడాది నుంచి పిల్లోళ్లు కంప్యూటర్ ముట్టుకోల్యా."

"ముట్టుకోల్యా? రాక్షసున్ని సంపినామని నీ కూతురు ఫోన్లో ఒకటే చెప్పింది గదే!"

అత్త మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఓసి దొంగల్లారా... నేను ఆడ మిషన్ తొక్కుతాంటే మీరు ఈడ యుద్ధాలు చేస్తాండారా!"

నవ్వేసింది. ఆ రోజు నుంచి మౌసు బయటే ఉంది.

మౌసు మీద ఒక్క చెయ్యే పడుతుంది. నేల మీద నొక్కితే వీరుడు నడుస్తాడు, తలుపు మీద నొక్కితే తీస్తాడు, మనిషి మీద నొక్కితే మాట్లాడతాడు. అన్నీ షబానా చేతిలోనే. నేను అదే ఎడమవైపు స్టూలు మీద... చేతులు ఒళ్లో పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకుని. నేను చదివి చెప్పేలోపే ఆమె ఏదో ఒక జవాబు నొక్కేసేది. 'ఆగు' అనాలని నోటిదాకా వచ్చేది...

అనలేక, వెళ్లడం మానేశాను. ఇంట్లో కథల పుస్తకం తెరిస్తే ఎంతసేపటికీ అదే పేజీ. గోడ అవతల మిషన్ ఆగినప్పుడల్లా ఉలిక్కిపడి లేచేదాన్ని. ఇప్పుడు దాచాల్సిందేమీ లేదని గుర్తొచ్చి కూలబడేదాన్ని. ఆ ఇంట్లో నాకు చోటున్నది ఆ అక్షరాల వల్లేనా? అవి లేకపోతే షబానాకు నేనెందుకు?

ఒకరోజు షబానానే మా గుమ్మంలోకి వచ్చింది.

"యాడ సచ్చినావ్ మే? కోట కాడ కావలోడు ఏందో అడుగుతాండాడు. ఏది నొక్కినా కొట్టను వస్తాండాడు."

"అన్నీ నువ్వే నొక్కుకుంటాండావు గదా... నేనెందుకు?"

ఆమె నా చెయ్యి పట్టి లాగింది. "నువ్వు రా ముందు."

వాళ్లింట్లో మౌసు తిప్పడం ఆమె వంతు, పైనుంచి వేలితో నొక్కడం నా వంతు.

"నొక్కు! నొక్కమంటాంటే!"

"నువ్వు కదపకుండా పెడితే గదా!"

వీరుడు ఉన్నచోటే గిరగిరా తిరిగి కావలివాడి చేతిలో చచ్చాడు. మళ్లీ మొదలుపెడితే మళ్లీ చచ్చాడు. ఇద్దరి చేతులకూ చెమటలు...

షబానా సీడీ తీసేసింది. మౌసు ఊడదీసి, తీగ చుట్టి, ముందు గదిలోకి పోయింది. మిషన్ ఆగింది.

"అమ్మీ, దీన్ని బీరువాలో పెట్టి తాళమెయ్."

"ఏందే, జరమేమన్నా వచ్చిందా నీకు?"

తిరిగొచ్చి పాత సీడీ పెట్టింది. తన స్టూలు కుడివైపుకు లాక్కుంది. చచ్చిన రాక్షసుణ్నే చంపడానికి మళ్లీ మొదటి నుంచి బయలుదేరాం...

ఇప్పుడు నేను పులివెందులలో, షబానా జమ్మలమడుగులో. పెద్ద దూరమేం కాదు... అయినా కలవడం కుదరదు.

మొన్న ఆ ఆట కొత్త భాగం లాప్‌టాప్‌లో వేసుకున్నాను. కీబోర్డా, మౌసా అని ముందే అడిగింది. కీబోర్డు అన్నాను. బాణాలూ నావే, అక్షరాలూ నావే. కాసేపటికి చూసుకుంటే బెంచీ ఎడమ అంచుకు జరిగి కూర్చున్నాను... కుడివైపు ఒక మనిషికి చోటు వదిలి. తెర మీద వీరుడు అడవి మధ్యలో అలాగే నిలబడి ఉన్నాడు.

మీరు ఏ వైపు కూర్చునేవారు? మీ పక్కన ఎవరుండేవారు? చెప్పండి... ఈ రోజెందుకో వినాలని ఉంది.