పెరుగు తోడుపెట్టలేని కంప్యూటర్

మా పాత కంప్యూటర్ చలికాలంలో పెరుగు తోడుపెట్టేది. నేను చెప్పే కథల్లో పదోవంతే నిజమని వనపర్తిలో అందరికీ తెలుసు. ఇది ఆ పదోవంతులోది.

ఆకాశంలో మినుకుమినుకుమనే ఒక రకం చుక్కల కోసం వెతికే శాస్త్రవేత్తలు తమ లెక్కల్ని ముక్కలు చేసి లోకమంతా పంచుతారు. ఇష్టమున్నవాళ్లు ఇంట్లోని కంప్యూటర్‌తో ఉచితంగా చేసి పంపుతారు. నేనూ చేరాను. మా డబ్బా రాత్రీపగలూ లెక్కలు చేస్తూ కాగిపోయేది. మా ఆవిడ దాని నెత్తిన పాలగిన్నె పెట్టేది. తెల్లారేసరికి గడ్డపెరుగు. దాన్ని కొట్టడానికి గద్వాల నుంచి గొడ్డలి తెప్పించామని నేనే ఊరంతా చెప్పాను.

చిక్కల్లా కరెంటు పోయినప్పుడే. డబ్బా ఇన్వర్టర్‌ను గటగటా తాగేసేది. ఆమె కుట్టుమిషన్ జాకెట్టు మధ్యలో ఆగిపోయేది.

"ఇంకొక్కసారి నా మిషన్ ఆగిందంటే నీ చుక్కలు బంద్," అంది.

దాంతో అరచేతిలో పట్టే చిన్న కార్డులాంటి కంప్యూటర్ తెచ్చాను. దాన్లోది ఫోన్లలో ఉండే జాతి ప్రాసెసర్. చిటికెడు కరెంటుతో ఆపకుండా లెక్కలు చేస్తుంది. పాత డబ్బాను అటకెక్కించి దీనికి పని అప్పగించాను. పెళ్లినాడు కూడా నాకంత హుషారు లేదు.

మర్నాడు, రాత్రి దాని పక్కన పెట్టిన గిన్నె మూత తీస్తే పాలు పాలలాగే ఉన్నాయి.

"ఇది పనే చేస్తలేదు," అని తేల్చేసింది మా ఆవిడ.

తెలకపల్లిలో సేద్యం చేసే మా బామ్మర్ది ఆరోజు మా ఇంట్లోనే ఉన్నాడు. కార్డు మీద వేలు పెట్టి చూశాడు. "దున్నొచ్చిన ఎద్దు ఒళ్లు కాల్తది బావా. ఇది సల్లగుంది. నిన్నెవడో ముంచిండు."

"ఇది ఒళ్లు కాలకుండ దున్నే ఎద్దు."

"గసొంటి ఎద్దు నీ కథలల్లనే ఉంటది."

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

మా ఆవిడ నా వైపు ఒక చూపు చూసి, లైటు వేసి, మిషన్ మీద కూర్చుంది. బామ్మర్ది, ఈనబోయే బర్రె పక్కన కూర్చున్నట్టు, ఇన్వర్టర్ పక్కన గొంతుక్కూర్చుని చెవి ఆనించాడు. నేను ఫోన్‌లో లెక్క ఎంతవరకు వచ్చిందో చూస్తున్నాను. తొంభై శాతం దాటింది. నత్తనడకే, కానీ ఆగలేదు. ఒక జాకెట్టు అయింది. మా ఆవిడ ఇంకొకటి ఎత్తుకుంది. ఛార్జింగ్ అయిపోయి ఇన్వర్టర్ కుయ్యిమంటే నా పని అయిపోయినట్టే. కుయ్యిమనలేదు. రెండో జాకెట్టుకు హుక్కులు కుడుతుండగా లెక్క పూర్తయి శాస్త్రవేత్తల దగ్గరికి వెళ్లిపోయింది. నేను లేచి ఎగిరాను. ఆ తర్వాతే కరెంటొచ్చింది.

"ఇంతకీ చుక్క దొరికిందా?" అన్నాడు బామ్మర్ది.

దొరికిందో లేదో చెప్పాల్సింది అక్కడివాళ్లు. అయినా నోరూరుకోదు కదా. "రెండు దొరికినయ్. ఒకటి సరిగ్గ మీ తెలకపల్లి మీదనే ఉంది."

కార్డు పని చేస్తోందంటే నమ్మనివాడు దీన్ని నమ్మాడు. బయటికెళ్లి పట్టపగలు ఆకాశం చూశాడు.

సాయంత్రం మా ఆవిడ పాలగిన్నెకు నా స్వెటర్ చుట్టి మూలకు పెట్టింది.

"మరి నాకు?" అన్నాను.

"నీ ఎద్దును కప్పుకో," అంది.