తలుపు కొట్టే కాక

కాక పోయాడని పొద్దున జగిత్యాల నుంచి ఫోన్ వచ్చింది. డ్యూటీకి చొక్కా తొడుక్కుంటున్నవాణ్ణి మంచం మీద కూలబడ్డాను. ఏడవడానికైనా ఓపిక ఉండాలి కదా, ఇక్కడ అది ఎప్పుడో అయిపోయింది.

మీకు ఆయన తెలియదు. మా సెక్యూరిటీ కంపెనీలో సూపర్‌వైజరు. వయసులో పెద్ద కాబట్టి అందరికీ కాక, బాబాయ్ అనే గోదావరి వాడినైన నాకు కూడా. ఈ గల్ఫ్ దేశంలో, సిత్రా అనే ఊళ్ళో, స్వదేశాలకు తిప్పి పంపేవాళ్ళను ఉంచే షెడ్డు కాపలా అప్పట్లో కొత్తగా పోలీసుల నుంచి మా కంపెనీకి కాంట్రాక్టుగా వచ్చింది. చేసేది జైలు పని, చొక్కా మీద కంపెనీ బొమ్మ. నాకు నచ్చేది కాదు, మానేసి పోయే దారీ లేదు.

కాకది ఒక అలవాటు. బయట తాళం వేసింది మేమే అయినా, తలుపు కొట్టి, లోపలివాళ్ళు "ఆజావ్ భాయ్" అనేదాకా తీసేవాడు కాదు.

"తాళంచెవి నీ జేబులోనే ఉంది, ఇంకా ఎవర్ని అడగాలి కాకా?" అని నవ్వానోసారి.

"వాళ్ళుండే ఇల్లురా అది. పిల్వకుంట ఎవలింట్లకన్న పోతమా?" అన్నాడు.

ఒక మధ్యాహ్నం చివరి గదిలోంచి జవాబు రాలేదు. అందులో కరీంనగర్ మేస్త్రీ ఒక్కడే ఉన్నాడు. కాక తాళం తీసి చూస్తే మనిషి నేల మీద పడి ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతోంది, పిలిస్తే పలకడు. స్టేషనుకు ఫోన్ చేస్తే కంపెనీని అడగమన్నారు. కంపెనీవాళ్ళేమో పోలీసులు చెప్పందే గేటు దాటించొద్దన్నారు.

"పోలీసోళ్ళు కంపెనీ అంటరు, కంపెనోళ్ళు పోలీసంటరు. పానం మాత్రం వీనిదే గదా. యల్లా, నడువ్, కాళ్ళు పట్టు," అన్నాడు కాక. ఇద్దరం మోసుకెళ్ళి వ్యానులో ఆసుపత్రికి చేర్చాం.

మేస్త్రీ బతికాడు. కాక ఉద్యోగం ఖలాస్. నేను సూపర్‌వైజరు మాట విన్నవాణ్ణి కాబట్టి మిగిలాను. వీసా రద్దుచేసి, విమానం ఎక్కించేదాకా కాకను ఆ షెడ్డులోనే, ఆ చివరి గదిలోనే ఉంచారు. అన్నం పట్టుకుని వెళ్ళి తలుపు కొట్టాను. "రా బిడ్డా," అన్నాడు లోపలినుంచి. అప్పుడు తాళం తీసి, అన్నం ఆయన ముందు పెట్టాను.

ఈ పనిలో నాలో కాస్తయినా మనిషి మిగిలాడంటే ఆయన చలవే. ఇప్పుడు మేమంతా తలుపు కొట్టే తీస్తాం.

ఇవాళ డ్యూటీకి వెళ్ళి ముందు ఆ చివరి గది దగ్గరికే పోయాను. ఖాళీగా ఉందని తెలుసు. అయినా కొట్టి నిలబడ్డాను. పక్క గదిలోంచి ఎవరో, తన తలుపే అనుకుని, "ఆజావ్ భాయ్," అన్నాడు.