గట్టెక్కేటప్పుడు

రెండో యుద్ధం ముగిసిన ఏడాది, బెజవాడ స్టేషన్లో గుడివాడ బండి కోసం కూర్చున్నాను. ఒళ్ళో గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకం ఉంది. పక్కనున్న ముసలాయన అందులోని బొమ్మ వంక చూస్తుంటే, అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాను.

"ఇది ఫ్రాన్సు దేశమండీ. అడవిలో చెరువులు, వాటి గట్ల మీద కాలిబాటలు. అక్కడివాళ్ళు పనేమీ లేకపోయినా మైళ్ళకొద్దీ నడుస్తారు. మనవాళ్ళకి ఇవన్నీ ఏం తెలుస్తాయి?"

"నేనూ నడిచాను బాబూ," అన్నాడాయన. "మొదటి యుద్ధంలో బరువులు మొయ్యడానికి దొరలు మమ్మల్ని అక్కడికి తీసుకెళ్ళారు. మా తమ్ముణ్ణి అలాంటి గట్టు మీదే పూడ్చిపెట్టి వచ్చాను."

నేను పుస్తకం ఆయన వైపు జరిపాను. ఆయన బొమ్మలోని బాట మీద వేలు ఆనించాడు.

"వడ్ల కళ్ళంలోకి వెళ్తే మనం చెప్పులు విప్పుతాం గదా. వాళ్ళు ఆ గట్టెక్కేటప్పుడు విప్పుతారా?"

"ఇందులో రాయలేదండీ."

"ఇంకోదాంట్లో రాసుంటారు. చూడండి, చదువుకున్నవారు."

ఆయన బండి ముందుగా వచ్చింది. తరవాత గ్రంథాలయంలో ఫ్రాన్సు గురించి ఉన్నవన్నీ తిరగేశాను. ఎక్కడా ఆ సంగతి లేదు. ఇప్పటికీ ఏ చెరువు గట్టెక్కినా నా చెప్పులు చేతిలోనే ఉంటాయి.