తాలుకాయలు

పర్చూరు దాటాక మిరపకల్లం కనబడితే ఫొటో కోసం బండి ఆపాను. నేలంతా ఎరుపే. రంగు రాక పాలిపోయిన తాలుకాయల కుప్ప ఒక్కటే మధ్యలో అడ్డం.

"అమ్మా, ఆ చెత్త కనబడకుండా చేస్తారా?" అన్నాను. కాయలు ఏరుతున్న పెద్దావిడ లేచి కుప్ప మీద పట్టా కప్పింది. ఫొటో నేననుకున్నట్టే వచ్చింది.

ఎండన పడి వచ్చానని తన క్యారేజీలో అన్నం నాకూ పెట్టింది. పచ్చడి వెలిసిపోయినట్టుంది. "ఇంత మిరప పండించి, పచ్చడికి రంగు లేదేమమ్మా?" అని నవ్వాను.

"ఎర్రవి యార్డుకి పోవాలి కదా బాబూ. ఇంట్లోకి ఆ తాలుకాయలే."

తలెత్తకుండా పచ్చడంతా ఊడ్చి తిన్నాను.

బయల్దేరుతుంటే ఓ కవరు నా చేతిలో పెట్టింది. "మీకు ఎర్రవే వేశాను బాబూ. తాలు ఒక్కటి కూడా లేకుండా ఏరాను, చూసుకోండి."