లాంచీ నాలుగింటికి గానీ రాదు

నేను జీవితంలో ఒక్కసారే విహారయాత్రకు వెళ్లాను. వెళ్లాను అనడం కూడా తప్పే. తీసుకెళ్లారు.

ఇప్పుడు మా కాలనీలో రిటైరైనవాళ్లు ఏడాదికొకసారి దీవులు చూసి వస్తున్నారు. పొద్దున ఇసుక తిన్నెలు, మధ్యాహ్నం నోట్లో గొట్టం పెట్టుకుని నీళ్లలో చేపలు, పొద్దు మునిగే వేళకు గుడి. అన్నీ ఒక్క రోజులోనే. తిరిగొచ్చి నాకు ఫోటోలు చూపిస్తారు. "పెద్దాయనా, మీరూ రండి. చుట్టూ నీళ్లు, నడుమ మనం, మనసుకు ఎంత హాయో" అంటారు. చుట్టూ నీళ్లు, నడుమ నేను. ఆ హాయి సంగతి నాకు చెప్పకండి.

అప్పట్లో నాచారం వైపు కార్ఖానాలు ఒకటొకటిగా లేస్తున్నాయి. మాది ఉప్పల్. మా నాయన జొన్న వేసిన చెలకలోనే రేకు డబ్బాల కార్ఖానా కట్టారు. భూమి తీసుకునేటప్పుడు ఇంటికొక పర్మినెంటు నౌకరీ అన్నారు. ఇచ్చింది బద్లీ పని. పర్మినెంటు మనిషి రాని నాడు అతని మిషను దగ్గర నిలబడేవాడు బద్లీ. అలాంటివాళ్లం ఇరవై రెండు మందిమి, మూడేళ్లుగా ఒక్క రోజు తప్పకుండా నిలబడ్డాం. రోజూ ఇరవై రెండు మంది రాకుండా పోవడం లోకంలో ఎక్కడైనా ఉంటుందా? పుట్టని మనుషులకు బదులు మమ్మల్ని నిలబెట్టుకున్నారు. అంతే.

నేను బడికి పోలేదు. ఉప్పల్ చౌరస్తా మంగలి దుకాణంలో, క్షవరానికి వంతు కోసం కూర్చున్నవాళ్ల పక్కన చేరి పత్రికలో ముందు పెద్దక్షరాలు, తర్వాత చిన్నక్షరాలు పట్టుకున్నాను. అడిగితే విసుక్కున్నవాళ్లే గానీ నేర్పినవాడు ఒక్కడు లేడు. ఆ ఇరవై రెండు మందిలో చదవడం, రాయడం వచ్చినవాణ్ని నేనొక్కణ్నే. 'పంతులు' అని పిలిచేవారు. ఆ పిలుపు నాకు ఎంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు.

మమ్మల్ని పర్మినెంటు చేయాలని లేబర్ ఆఫీసుకు నాలుగు పేజీల అర్జీ రాసింది నేనే. అందరిచేత వేలిముద్రలు వేయించి, నేనూ మా అక్క మొగుడూ, అదే మా బావ, పోయి ఇచ్చి వచ్చాం. అతనూ బద్లీయే. "ఆఫీసరుగారు ఒకరోజు కార్ఖానాకే వచ్చి మిమ్మల్ని విచారిస్తారు. తేదీ గేటు దగ్గర బోర్డు మీద పెడతాం" అన్నాడు అక్కడి గుమాస్తా. ఆ రోజు ఎదుట నిలబడి నోటితో చెబితే నౌకరీలు నిలుస్తాయి. మనుషులే లేకపోతే అర్జీ అక్కడితో చచ్చినట్టే.

రెండు నెలల తర్వాత ఒక సోమవారం బోర్డు మీద పక్కపక్కనే రెండు కాగితాలు వెలిశాయి. ఒకటి తెలుగులో, చేతిరాత. 'బద్లీ కార్మికులకు మాత్రమే ఉచిత విహారయాత్ర. లాంచీలో దీవి, ఇసుక తిన్నెలు, జలక్రీడలు, సూర్యాస్తమయ వేళ దేవాలయ దర్శనం. ఆ రోజు కూలి కోయబడదు.' రెండోది ఇంగ్లీషులో టైపు కొట్టింది. కింద గుండ్రటి ముద్ర.

తెలుగుది గట్టిగా చదివాను. జనం ఈలలు వేశారు.

"మరి గదేంది బామ్మర్ది, పక్కపొంటి కాయితం?" అన్నాడు బావ.

నాకు ఇంగ్లీషు అక్షరం ముక్క రాదు. అంకెలు మాత్రం వచ్చు. రెండింటి మీదా ఒకే తేదీ ఉంది. ఇరవై ఒక్క మంది నా మొహంలోకి చూస్తున్నారు.

"గదే ముచ్చట ఇంగ్లీషుల కొట్టిన్రు. ఆఫీసు దొరల కోసం" అన్నాను.

"మా పంతులుకు ఇంగ్లీషు గూడ వచ్చురో!" అని బావ నా వీపు మీద ఒక్కటి చరిచాడు.

చెప్పిన తేదీకి చీకటుండగానే కంపెనీ లారీలో బయల్దేరాం. ముందు సీట్లో సూపర్వైజరు, వెనుక మేము, మా కాళ్ల మధ్య క్యాంటీను వంటాయనా అతని డేగిసాలూ. సాగర్ చేరేసరికి ఎండెక్కింది. ప్రాజెక్టు నిండి ఊళ్లు మునిగిపోగా, నీళ్ల నడుమ ఎత్తు నేలలు మాత్రం దీవులై తేలి ఉన్నాయి. అలాంటి ఒక దీవి మీద లాంచీ మమ్మల్ని దింపి వెనక్కి తిరిగింది. దాని చప్పుడు ఆగిపోయాక సూపర్వైజరు ఈల ఊదాడు.

ఆయన కోస్తా మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాడు. అందుకే ఆయనంటే నాకు ఎక్కువ భయం.

"ఈ రోజంతా మీదేనయ్యా! ఈదండి, తినండి, ఇసకలో పడుకోండి. ఎవరూ మొహం ముడుచుకుని కూర్చోకూడదు. బొంబాయి నుంచి నీళ్లద్దాలు తెప్పించాం. వాటితో నీళ్లలోకి చూడాలి. అందరూ చూడాలి."

అద్దాలంటే ముక్కూ కళ్లూ కలిపి మూసే రబ్బరు తొడుగు, నోటికి వంకర గొట్టం. ఒకటే ఉంది. అందరం వరసలో నిలబడ్డాం. పనిలో నిలబడ్డట్టే.

నా వంతు రాకముందు పొయ్యి దగ్గరికి వెళ్లాను. వంటాయన ఉల్లిగడ్డలు కోస్తూ గొణుగుతున్నాడు.

"నేను ఇయ్యాల కార్ఖానలనే ఉండాలె అసలు. మంచి వంట గాడ వడ్డది. నన్నేమో మీ ఎన్క తోలిన్రు."

"గాడ ఎవలకు వంట?"

"లేబర్ ఆఫీసర్ సారొస్తుండు గద ఇయ్యాల! మీకు ఎరకలేదా? బోర్డు మీద ముద్రేసి అంటిచ్చిన్రంట."

చేతిలో ఉన్న మంచినీళ్ల చెంబు అలాగే కింద పెట్టాను.

ప్రభుత్వాన్ని నేను ఈ రోజుకీ క్షమించలేదు. తెలుగులో అర్జీ పెట్టి, కింద వేలిముద్రలు వేసిన మనుషులకు కబురు ఇంగ్లీషులో పెట్టమని ఏ చట్టం చెప్పింది? తెలుగువాళ్లందరికీ ఒక రాష్ట్రం అని ఊరేగినవాళ్లకు ఆ ఒక్క కాగితం తెలుగులో కొట్టించడానికి చేయి రాలేదా? ఆ రోజు కూడా ఇదంతా మనసులో గట్టిగానే అడిగాను. అడుగుతూనే, నోరు మూసుకుని ఉన్నాను.

వంటాయన మాట మనుషుల్లోకి పాకడానికి ఎంతసేపు! ముందు బావే నా దగ్గరికి వచ్చాడు, ఒళ్లంతా నీళ్లు కారుతూ.

"బామ్మర్ది, ఆఫీసర్ ఇయ్యాల వస్తుండంట. నిజమా?"

"నాకెట్ల ఎర్క?"

"తారీకు బోర్డు మీద వెడ్తరని గుమాస్తా అన్నడు గద. బోర్డు నువ్వే సదివినవ్. గట్లాంటిది ఏం లేదు గద?"

"లేదు" అన్నాను.

రెండోసారి అబద్ధం మొదటిదానికంటే తేలిగ్గా వచ్చింది.

"అయితే వంటాయన ఉత్తగ కూస్తుండు" అన్నాడు బావ. కానీ ఆ మాట తనే నమ్మలేదు. నలుగురం సూపర్వైజరు దగ్గరికి పోయాం. ఆయన తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు.

"సార్, మేము పోతం. లాంచీని పిలిపించుండ్రి" అన్నాడు బావ.

"ఎక్కడ్నుంచి పిలిపించను బాబూ? లాంచీ నాలుగింటికి గానీ రాదు. అప్పుడు గుడికి. గుడి నుంచి ఒడ్డుకు. ప్రోగ్రాం అంటే ప్రోగ్రామే."

"మాకు గుడి వద్దు సార్."

"దేవుడొద్దా?" ఆయన నవ్వాడు. "పంతులూ, నీ వంతొచ్చింది. వెళ్లు, అద్దాలు పెట్టుకో."

వెళ్లాను. వెళ్లకపోతే అక్కడే నిలబడి బావ కళ్లలోకి చూడాలి. తొడుగు బిగించుకుని నీళ్లలో బోర్లా పడ్డాను. మేము బావుల్లో ఈత నేర్చినవాళ్లం, నీళ్లంటే జంకు లేదు. కానీ ఆ గొట్టంలో నుంచి పీల్చుకుంటుంటే నా ఊపిరి నా చెవుల్లోనే బుసలు కొట్టింది. కింద చేపలేం లేవు. పచ్చటి మసక, అందులో రాళ్లు పేర్చిన గట్టు, దాని పక్కన కొట్టేసిన తుమ్మ మొద్దు. ఎవరిదో చెలక. గట్టు మలుపు దాకా ఆ రాళ్ల వెంబడే పోయాను. తల ఎత్తాలనిపించలేదు. ఎత్తితే ఒడ్డున ఇరవై ఒక్క మంది ఉంటారు. ఈల వినబడింది. నా వంతు అయిపోయింది.

మధ్యాహ్నం ఎండకు ఇసుక కాలింది. నీడ కోసం దీవి చుట్టూ తిరిగాం. తిరగడానికి ఎంతసేపూ పట్టలేదు. మళ్లీ తిరిగాం. అవతలి ఒడ్డు మీద లారీ అగ్గిపెట్టెంత కనబడుతోంది. ఇద్దరు ఈదుకుంటూ పోతామని నీళ్లలోకి దిగి, సగం దూరమైనా పోకముందే రొప్పుతూ తిరిగొచ్చారు. అందరికంటే పెద్దవాణ్ని మేము కాకా అని పిలిచేవాళ్లం. ఆయన అన్నం ముట్టలేదు. "ఇప్పుడొచ్చి ఉంటడు" అన్నాడు ఒకసారి. కాసేపటికి "ఇప్పుడు పిలుస్తుండొచ్చు" అన్నాడు. ఇంకాసేపటికి "పోయుంటడు" అన్నాడు.

నాలుగింటికి లాంచీ వచ్చింది. ఒడ్డుకు పొమ్మని దాన్ని నడిపే మనిషిని బతిమాలాం. "నన్ను మాట్లాడుకున్నది ఆ సారు. యాడికి పొమ్మంటే గాడికి" అన్నాడతను. అలా కావలసిన ఒడ్డు పక్కనుంచి సాగిపోతుంటే చూస్తూ కూర్చున్నాం.

గుడి ఉన్నది ఇంకో గుట్ట మీద. శివుడి గుడి. మెట్లెక్కి వెళ్లేసరికి పొద్దు నీళ్లలోకి జారుతోంది. నీళ్లన్నీ రాగి పళ్లెంలా ఉన్నాయి. అందంగా లేదని నేను అబద్ధం ఆడను, ఆ రోజుకు ఆడినవి చాలు. పూజారి హారతి ఇచ్చాడు. కళ్లకద్దుకున్నాను. ఏమీ కోరుకోలేకపోయాను.

కిందికి దిగేసరికి లాంచీ ఎక్కడానికి వేసిన పలక ముందు సూపర్వైజరు నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో ఇంగ్లీషు టైపు కాగితం, ఇంకో చేతిలో వేలిముద్రల సిరా డబ్బీ.

"టూరుకు వచ్చినట్టు రుజువు, అంతే. ముద్ర వేసినవాళ్లు వేసినట్టు లాంచీ ఎక్కండి."

కాకా బొటనవేలు అప్పుడే సిరాలో అద్దాడు. ఇంతలో బావ అడ్డుపడ్డాడు.

"ఆగు కాకా. పంతులు సదివి జెప్తడు."

"చదవమను, మంచిదే" అన్నాడు సూపర్వైజరు. కాగితం నా చేతికిచ్చాడు. ఆయన పెదవి చివర చిన్న నవ్వు. అప్పుడు తెలిసింది నాకు. ఆయనకు మొదటి నుంచీ తెలుసు. గేటు దగ్గర నేను ఆ కాగితం 'చదువుతున్నప్పుడు' ఆఫీసు కిటికీలో నుంచి విని ఉంటాడు. నేను మళ్లీ అదే చేస్తానని ఆయన ధీమా. "హాజరు కాయితమే, ఎయ్యుండ్రి" అంటే చాలు, పంతులు పంతులుగానే ఉంటాడు, ఇరవై రెండు ముద్రలూ పడతాయి.

కాగితం అటూ ఇటూ తిప్పాను. వెలుతురు తగ్గుతోంది.

"నాకు ఇంగ్లీషు రాదు" అన్నాను.

కాకా సిరా వేలు వెనక్కి లాక్కున్నాడు.

"ఏంది?" అన్నాడు బావ.

"ఇంగ్లీషు రాదు. ఇది సదవరాదు. గేటు కాడిది గూడ సదవలే. గుండ్రం ముద్ర సూసిన, తారీకు సూసిన, సదివినట్టు జెప్పిన. ఆఫీసర్ వస్తుండని ఉన్నది గా కాయితంలనే గావచ్చు. ఈ కాయితంల ఏమున్నదో నాకు ఎర్క లేదు. ఎవ్వరు ఎయ్యకుండ్రి."

బావ భుజం మీది తడి తువ్వాలు తీసి నా మొహం మీద కొట్టాడు. బాగా తగిలింది. "థూ! మా అందరి నౌకరీలు నీ పంతులుతనానికి వాయె!" అన్నాడు. నేను మొహం తుడుచుకోలేదు.

కాకా సిరా వేలు పంచెకు రాసుకున్నాడు, నల్లటి మరక పడేలా, రెండుసార్లు. "నేను ఎయ్య" అన్నాడు. ఆ మాటతో వెనుకవాళ్లు కూడా చేతులు కట్టుకున్నారు.

"అయితే ఇక్కడే ఉండండి" అన్నాడు సూపర్వైజరు. మొదటిసారి గొంతు లేచింది.

లాంచీ మనిషి అందుకున్నాడు. "సార్, చీకటైనంక నేను నడప. ఇంతమందిని గుట్ట మీద ఇడిచిపెడితే రేపు నా నౌకరి వోతది. కాయితాల లొల్లి గట్టున వడ్డంక వెట్టుకోండ్రి. ఎక్కుండ్రన్నా, జర జల్ది!"

ఎక్కాం. నా పక్కన ఎవరూ కూర్చోలేదు. ఉప్పల్ చేరేదాకా లారీలో కూడా అంతే. అంత మంది కాళ్ల మధ్య ఇరుక్కుని, నా చుట్టూ మాత్రం మూరెడు ఖాళీ.

ఇంటికి వచ్చాక మా అక్క ఇద్దరికీ అన్నం పెట్టి, "యాత్ర మంచిగ అయ్యిందా?" అని అడిగింది. బావ కంచం మీద నుంచి తల ఎత్తకుండానే చెప్పాడు.

"నీ తమ్ముడు మమ్ముల నిండ ముంచిండు. రేపు పని ఇడిచి ఇరవై రెండు మందిమి లేబర్ ఆఫీసుకు పోతున్నం. గీయన్ని ముందర నిలవెడ్తం."

"సదవనీకా?"

"సదవనీకి గాదు. మాకు సదవరాదని జెప్పనీకి."

మర్నాడు అలాగే చెప్పాను, లేబర్ ఆఫీసు కిటికీకి ఇవతల నిలబడి, వెనుక ఇరవై ఒక్క మంది వింటుండగా. మా అర్జీ మీద 'కార్మికులెవరూ హాజరు కాలేదు' అని అప్పటికే రాసేసి ఉంది. ఆ గుమాస్తా మా మీద అరిచాడు, నేను అంతకంటే గట్టిగా అరిచాను. చివరికి లోపలి నుంచి ఇంకో మనిషి వచ్చి, కొత్త తేదీ వేసి, కాగితం తెలుగులో రాయించి, అందరికీ వినబడేలా తానే చదివాడు. చదివినంతసేపూ బావ నా మోచేయి పట్టుకునే ఉన్నాడు, నేను ఎక్కడికో పారిపోతానన్నట్టు.